గట్టు దాటిన అంకె

చచ్చిపోయిన చెరువు ఊపిరి పీల్చుకుంటోంది. పోయిన వారం లావణ్యని ఆ వింత ముందు కూర్చోబెట్టి, పాపం, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చేశాం.

మధ్యలో చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి కదా. సఖినేటిపల్లి దారిలో పెద్దిరాజుగారి రొయ్యల చెరువు ఒక తెల్లవారుఝామున మొత్తం తేలిపోయింది. రేపో మాపో పట్టుబడి చేద్దామనుకున్న పంట, ఒక్క రొయ్య మిగలకుండా పోయింది. నేరం, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి అక్కడ కాపలా ఉంటున్న నాగబాబు మీద పడింది. ముందురోజే పెద్దిరాజుగారు వాణ్ణి నలుగురిలో నానా మాటలూ అన్నారు. వాడూ ఊరుకోకుండా "మీ చెరువు ఎలా బతుకుద్దో నేనూ చూస్తాను" అనేశాడు. దానికి తోడు కాపలా పాకలో కొబ్బరిచెట్లకి కొట్టే మందు డబ్బా ఒకటి దొరికింది. ఈ సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో పెద్దమనుషులు కూర్చుంటున్నారు. అక్కడ తేలకపోతే నాగబాబుని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పడమే. ఆ నాగబాబు లావణ్యకి ఒక్కగానొక్క తమ్ముడు.

లావణ్యా, ఆమె భర్త సూర్యప్రకాషూ రాజోలులో ఒక మందుల షాపు మేడ మీద చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నారు. వాళ్ళ ప్రోగ్రాం పేరు 'ఊపిరి'. చెరువుల్లో దించిన మీటర్లు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి అదే పనిగా పంపుతుంటాయి. ఆక్సిజన్ పడిపోయిందా, రైతు ఫోన్ గొల్లుమంటుంది, చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు వాటంతట అవే తిరుగుతాయి. ఆ తెల్లవారుఝామున పెద్దిరాజుగారి ఫోన్ మోగలేదు. ఏరేటర్లు తిరగలేదు. రాత్రి పొడుగునా ఆక్సిజన్ నిక్షేపంలా ఉందనే 'ఊపిరి' చూపించింది. ఆక్సిజన్ బాగుండగా రొయ్యలు చచ్చాయంటే ఎవరో మందు కలిపినట్టే కదా! అంటే నాగబాబు మీద సాక్ష్యం చెప్పింది ఎవరయ్యా అంటే, సొంత అక్కా బావా రాసిన ప్రోగ్రాం.

ఇప్పుడు ఆ చెరువులోంచి పీకి తెచ్చిన మీటర్ లావణ్య బల్ల మీద, పాత తువ్వాలు మీద పడుంది. వైరు లేదు, నీళ్ళు లేవు. అయినా కంప్యూటర్ తెర మీద పెద్దిరాజుగారి చెరువు ఎదురుగా ఆక్సిజన్ అయిదున్నర అని పచ్చగా వెలుగుతోంది. చూస్తుండగానే అయిదున్నర కాస్తా అయిదూ ముప్పావు అయింది.

లావణ్య మీటర్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దెయ్యాలూ భూతాలూ నమ్మే మనిషి కాదు కానీ, ఆ క్షణాన ఎవరైనా వచ్చి దెయ్యమని చెప్పి ఉంటే కాదని కొట్టిపారేసేది కూడా కాదు.

"ఈ అంకె ఎవరిది?" అని పైకే అనుకుంది.

బయట మబ్బు పట్టి ఉంది, పొద్దు వాలుతోంది. సూర్యప్రకాష్ పక్క గదిలో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మేత కంపెనీవాళ్ళు జిల్లా మొత్తానికీ 'ఊపిరి'ని తీసుకుంటామంటున్నారు, ఆ హడావుడి. లావణ్య కుర్చీ ముందుకి లాక్కుని, పెళ్ళయిన దగ్గర్నించీ ముట్టుకోని ఫైల్ తెరిచింది.

ఇద్దరికీ పని పంపకం ఉంది. రైతుల ఫోన్లలో కనబడేదంతా లావణ్య రాస్తుంది. లోపలి గుండెకాయ సూర్యప్రకాష్‌ది. మీటర్లు పంపే అంకెల్ని అందుకుని, పోల్చి, అలారం మోగించే భాగం అది. "దాని జోలికి మాత్రం రాకు లావణ్యా, ఒక్క చుక్క కదిలినా వేగం పోతుంది" అంటుండేవాడు. మబ్బు పట్టి ఎండ లేని రోజున చెరువులన్నిట్లోనూ ఆక్సిజన్ పడిపోయి, వేల మీటర్లు ఒక్కసారిగా మొరపెట్టుకుంటాయి. అప్పుడు ప్రోగ్రాం తీరిగ్గా లెక్కలేసుకుంటూ కూర్చుంటే, అలారం మోగేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకని వేగం విషయంలో అతనికి పిచ్చి పట్టుదల. ఆ పట్టుదల చూసే లావణ్య అతన్ని మెచ్చుకునేది కూడా.

అతను రాసింది జూలియా అనే భాషలో. దాని గొప్ప ఏమిటంటే, లెక్కల మాస్టారు బోర్డు మీద రాసుకుపోయినట్టు హాయిగా రాసుకోవచ్చు, నడిచేటప్పుడు మాత్రం గుర్రంలా పరిగెడుతుంది. మంచి గుణం ఇంకొకటుంది. ఒక గదిలో అంకె పెట్టమంటే, ముందు ఆ గది అసలు ఉందో లేదో చూసుకుని మరీ పెడుతుంది. లేని గదిలో పెట్టమంటే మొండికేసి ఆగిపోతుంది. అలా చూసుకోవడానికి కాస్త సమయం పడుతుంది మరి. ఆ కాస్తా కూడా వద్దనుకునేవాళ్ళకి ఒక గుర్తు ఉంది. ఆ గుర్తు పెట్టామంటే, 'ఇక్కడ హద్దులు చూడకు, పూచీ నాది' అని రాసిచ్చినట్టే.

లావణ్య చదువుకుంటూ వెళ్ళింది. చెరువుకి రెండేసి గదులు. మొదటి గదిలో ఆక్సిజన్, రెండో గదిలో నీళ్ళ వేడి. ఒక చెరువు రెండో గది అయిపోయిన చోటే పక్క చెరువు మొదటి గది మొదలవుతుంది, మధ్యలో వేలు పట్టే సందు కూడా లేకుండా. ముచ్చటైన పని, ఎక్కడా వృథా లేదు. సరిగ్గా అంకెల్ని గదుల్లో పెట్టే ఆ వరస మీద ఆ గుర్తు కనబడింది. హద్దులు చూడకు, పూచీ నాది.

ఇలాంటి గుర్తులు ఎన్ని ఉన్నా సరే లెక్కచెయ్యకుండా, ప్రతి చోటా హద్దు చూసి తీరాల్సిందేనని ప్రోగ్రాంని మొదలుపెట్టేటప్పుడే చెప్పే వీలుంది. రైతుల కోసం నడుస్తున్న అసలు ప్రోగ్రాంని ముట్టుకోకుండా, పొద్దుటి అంకెలన్నీ తన కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, ఆ షరతు పెట్టి నడిపింది.

నడవలేదు. మీట నొక్కీ నొక్కగానే ఎర్రక్షరాలు వచ్చి ఆగిపోయింది. రెండే గదులున్న చెరువులో మూడో గదిని అడిగారు, అలాంటి గది లేదు. అదీ దాని మొర.

ఏ చెరువని చూస్తే, చిక్కం అప్పన్నగారిది. పెద్దిరాజుగారి చెరువుకి గట్టు ఇవతలి చెరువు, గదుల వరసలోనూ దానికి ముందుదే. అప్పన్నగారు పోయి నెలలవుతోంది. కొడుకులు దొరబాబూ దుర్గారావూ చూసుకుంటున్నారు. లావణ్య వెంటనే దొరబాబుకి ఫోన్ చేసింది.

"దొరబాబుగారూ, నేను లావణ్యనండీ, 'ఊపిరి' నుంచి. మీ చెరువులో మీటర్లు ఎన్నున్నాయండీ?"

"ఆయ్, మూడండీ. మీ మీటర్లు బంగారమండీ లావణ్యగారూ. పక్కన పెద్దిరాజుగారి పంట అలా అయిపోయినా మాకేం కాలేదంటే మీ చలవేనండీ."

"మూడా? మేం పెట్టింది రెండే కదండీ!"

"ఆయ్, రెండేనండీ. మరి మధ్యలో గట్టేసుకున్నాం కదండీ. నాకూ తమ్ముడికీ పంపకాలయ్యేయి. మీ మీటర్లు వాడి పక్కనుండిపోయేయి. మరి నా పక్కకీ ఆక్సిజన్ మీటర్ ఉండాలి కదండీ? భీమవరంలో అచ్చం అలాంటిదే దొరికితే కొనుక్కొచ్చేను. మీటర్ల వైర్లు గుచ్చే మీ డబ్బాలో ఒక కన్నం ఖాళీగా కనబడింది, పెట్టేసేను. పచ్చలైటు ఎలిగిందండీ!"

ఆ లైటు వెలిగిందని చెప్పడంలో అతనికెంత సంతోషమో. లావణ్య కళ్ళు మూసుకుంది.

"మాకొక మాట చెప్తే మీ పేరు మీద వేరే చెరువుగా రాసేవాళ్ళం కదండీ."

"అయ్యో, అదెలా కుదురుద్దండీ! నాన్నగారి సంవత్సరీకం ఇంకా అవ్వలేదు. అది పెట్టేదాకా ఆయన పేరు తీసి మా పేర్లు రాయించుకోకూడదని మా అమ్మ ఒకటే పట్టు. గట్టంటే మట్టే కదండీ, ఎప్పుడన్నా తీసెయ్యొచ్చు. పేరు తీసేస్తే నాన్నగారు ఏమనుకుంటారు?"

ఏమంటాం? మనిషి పోయినా ఏడాది తిరిగేదాకా చెరువు ఆయనదే. కొడుకులు విడిపోయినా చెరువు విడిపోకూడదు. చెరువుకి రెండు మీటర్లేనని సూర్యప్రకాష్ పూచీ ఇచ్చేటప్పుడు ఈ సంగతి అతని ఊహలోకైనా వచ్చి ఉండదు. పుట్టింది ఈ గడ్డ మీదే అయినా వచ్చి ఉండదు.

"దొరబాబుగారూ, బాబ్బాబు, ఒక పని చేసి పెట్టాలి. ఆ మూడో మీటర్ని నీళ్ళలోంచి తీసి, చెరువు అడుగునుండే నల్లబురద ఒక బకెట్లో వేసి, దాన్లో గుచ్చండి. ఫోన్ పెట్టెయ్యకండి."

"ఎందుకండీ?"

"చెప్తానండీ. ముందు గుచ్చండి."

"ఆయ్," అన్నాడు దొరబాబు. తర్వాత నీళ్ళ చప్పుడు, బకెట్ చప్పుడు, ఎవరినో పక్కకి జరగమని కసరడం వినిపించాయి.

లావణ్య తెర వైపు చూస్తూ కూర్చుంది. నల్లబురదలో ఆక్సిజన్ ఉండదు. మీటర్ ఆ సంగతి చెప్పాలి. చెప్పింది కూడా. కానీ ఎవరి పేరు మీద చెప్పిందనుకున్నారు? అప్పన్నగారి అంకెలు కదల్లేదు. పెద్దిరాజుగారి చెరువు ఎదురుగా అయిదూ ముప్పావు కాస్తా నాలుగయింది. మూడయింది. ఒకటయింది. పచ్చగా ఉన్నది ఎర్రబడిపోయింది. గదిలో అలారం గొల్లుమంది.

"లావణ్యగారండీ!" ఫోన్‌లో దొరబాబు కేకేశాడు. "పెద్దిరాజుగారి చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయండీ! వాటంతటవే తిరుగుతున్నాయండీ! అక్కడ నరమానవుడు లేడండీ!"

లావణ్యకి అంతా కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. దొరబాబు మీటర్ పంపిన అంకె మూడో గది కోసం వెళ్ళింది. మూడో గది లేదు. హద్దు చూడొద్దని ముందే రాసిచ్చారు కాబట్టి ప్రోగ్రాం అడ్డు చెప్పకుండా గట్టు దాటి, పక్కనున్న పెద్దిరాజుగారి మొదటి గదిలో ఆ అంకె పెట్టేసింది. అక్కడున్న నిజమైన అంకె చెరిగిపోయింది. ఆ తెల్లవారుఝామున పెద్దిరాజుగారి చెరువు ఊపిరాడక కొట్టుకుంటోంది, దాని మీటర్ ఆ మాట పంపుతూనే ఉంది, పంపిన ప్రతిసారీ దొరబాబు చెరువు ఆరోగ్యం వచ్చి దాని మీద కూర్చుంది. మందు లేదు, మాయ లేదు, నాగబాబు లేడు. మేమే. మేమే చంపేం, అనుకుంది.

అలారం ఇంకా మోగుతూనే ఉంది. సూర్యప్రకాష్ పక్క గదిలోంచి పరుగున వచ్చాడు. బల్ల మీదకి వంగి అలారం ఆపేశాడు. తెర వైపు ఒక్కసారి చూసి, "దొరబాబు మూడో మీటరేనా?" అన్నాడు.

లావణ్య తలెత్తింది. ఆమె ఇంకా ఒక్క మాట కూడా చెప్పలేదు. తెర మీది ఎర్రక్షరాలు అలారం వెనకాల కనబడకుండా పోయాయి. దొరబాబు ఫోన్ పెట్టేశాడు. మూడో మీటరని ఆమె అన్నది దొరబాబుతోనే, అప్పుడు ఇతను పక్క గదిలో తలుపేసుకుని ఫోన్‌లో ఉన్నాడు.

"మీకెలా తెలుసండీ?"

అనకూడని మాట అనేశాక మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది అతని మొహం.

"ఏవండీ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీకెలా తెలుసు?"

"కూర్చో లావణ్యా. చెప్తాను."

"కూర్చునే ఉన్నాను. చెప్పండి."

"పంట పోయిన మర్నాడు నేనూ నీలాగే నడిపి చూసేను." కుర్చీ లాక్కున్నాడు కానీ కూర్చోలేదు. "నీలాగే చూసేను. నీలాగే ఆగిపోయింది."

లావణ్యకి మొదట ఆ మాట అర్థం కాలేదు. చెవిలో పడింది, లోపలికి వెళ్ళలేదు. పంట పోయిన మర్నాడంటే, తమ్ముణ్ణి ఊరంతా హంతకుణ్ణి చూసినట్టు చూడ్డం మొదలుపెట్టిన రోజు. ఆ రోజు ఇదే గదిలో తను ఏడుస్తుంటే, ఈయన వీపు నిమిరి, "పోనీలే, నిజం దాగదు" అన్నారు. ఆ రోజు అన్నం కూడా తినిపించారు.

"అప్పణ్ణించీ తెలిసుండి," అంది. మళ్ళీ మొదలుపెట్టింది. "అప్పణ్ణించీ తెలిసుండి, మా అమ్మ మన గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, మీరు మంచినీళ్ళిచ్చేరు కదండీ."

"నాకు కాస్త టైమిస్తే అన్నీ సర్దేవాణ్ణి. ముందు ఎవరికీ తెలియకుండా తప్పు దిద్దేసి, మేత కంపెనీవాళ్ళ సంతకాలయ్యాక పెద్దిరాజుగారి నష్టం ఎలాగోలా పూడ్చేసి..."

"ఏ పేరు చెప్పి పూడుస్తారు? మా తమ్ముడు చేసిన పాపానికి మేం భరిస్తామని చెప్పా?"

అతను తల దించుకున్నాడు. అదే అతని ఉద్దేశమని ఆమెకి తెలిసిపోయింది. దిగ్భ్రాంతి అంటే పుస్తకాల్లో చదివింది గానీ, కూర్చున్న కుర్చీ కింద నేల లేకపోవడమని ఆమెకి ఇప్పుడే తెలిసింది. ఎదురుగా ఉన్న మనిషి పరాయివాడిలా కనబడ్డాడు.

"నువ్వనుకుంటున్నంత దుర్మార్గుణ్ణి కాదు లావణ్యా," అన్నాడు సూర్యప్రకాష్. "ఆ గుర్తు నేను డాబు కోసం పెట్టలేదు. పోయిన వానాకాలం గుర్తుందా? మబ్బేసిన రోజు అలారం ఆలస్యమై ఐనవిల్లి ఏసుపాదంగారి చెరువు పోయింది. ఆయన వచ్చి ఈ మెట్ల మీద కూర్చుంటే, నా మొహం ఆయనకి చూపించలేకపోయేను. ఇంకెప్పుడూ ఆలస్యం కాకూడదని, ఎక్కడ రవ్వంత సమయం మిగిల్తే అక్కడ మిగుల్చుకుంటూ వచ్చేను. చెరువుకి రెండే మీటర్లు. మనమే పెట్టేం, మన చేతుల్తో పెట్టేం. మూడోది ఎవడు పెడతాడనుకుంటాం?"

"రైతుల ఇళ్ళల్లో పంపకాలుండవా? గట్లు వేసుకోరా? పోనీ, ఆ గుర్తు వల్ల ఎంత మిగిలిందో కొలిచేరా?"

"అప్పట్లో చాలా మిగిలింది."

"అప్పట్లో కాదండీ. ఆ తర్వాత మీరు అన్నీ మార్చేరు కదా. ప్రతిసారీ కొత్త గదులు కట్టడం మానేసి ఉన్నవాటినే వాడుకున్నారు. అంకెలు వరసగా వచ్చేలా సర్దేరు. అదయ్యాక కొలిచేరా అంటున్నాను."

లావణ్య కంప్యూటర్ వైపు తిరిగింది. రాయడం మొదలుపెట్టింది. అంకెలు లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఒక్క చూపు పెట్టింది. చెరువుకి ఉన్న గదులకన్నా పెద్ద మీటర్ నంబర్ వస్తే లోపలికి రానివ్వకుండా పక్కన పెట్టి, ఫలానా చెరువులో తెలియని మీటర్ ఉందని చెప్పాలి. లోపల గది గదికీ హద్దు చూడక్కర్లేదు, గుమ్మంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. ఏసుపాదంగారి చెరువు పోయిన ఆ మబ్బు రోజు అంకెలన్నీ దాచే ఉన్నాయి. వాటిని పాతదానిలోంచి ఒకసారి, కొత్తదానిలోంచి ఒకసారి పరిగెత్తించింది.

"చూడండి," అంది.

చూశాడు. తేడా కంటి రెప్పపాటులో వందో వంతు కూడా లేదు. రెండూ ఒకే వేగంతో పరిగెత్తాయి. ఒకటి గట్లు తొక్కుకుంటూ పోయింది, ఇంకొకటి తొక్కకుండా పోయింది, అంతే.

అప్పుడు కూర్చున్నాడు సూర్యప్రకాష్. ఆలస్యమవుతుందన్న భయంతో ఎప్పుడో పెట్టిన గుర్తు, ఆ భయం తీరిపోయాక కూడా తియ్యడం మరిచిపోయిన గుర్తు. దాని వల్ల ఎవరికీ చిల్లిగవ్వ ఉపయోగం లేదు. ఉత్తపుణ్యానికి ఒక పంట పోయింది, ఒక కుర్రాడి పరువు పోయింది. లావణ్యకి ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి మీద ఆమెకే కోపం వచ్చింది.

కొత్తదాన్ని అసలు ప్రోగ్రాం స్థానంలో పెట్టింది. పెట్టగానే అప్పన్నగారి చెరువు ఎదురుగా 'తెలియని మీటర్' అని వచ్చింది. పెద్దిరాజుగారి చెరువు ఎదురుగా అంకె పోయి ఖాళీ గీత మిగిలింది. ఇన్నాళ్ళకి తెర నిజం చెప్పింది. లావణ్య లేచి బల్ల మీది మీటర్ని తువ్వాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. ల్యాప్‌టాప్ మడిచింది.

"ఎక్కడికి?"

"ఐసు ఫ్యాక్టరీ షెడ్డుకి. పెద్దిరాజుగారి ముందు పాత ప్రోగ్రాంని ఈ ల్యాప్‌టాప్‌లో నడిపి, ఈ బకెట్ తమాషా మళ్ళీ చేసి చూపిస్తాను. ఆయన చెరువు చచ్చింది మా వల్లని నా నోటితో చెప్తాను. మీరూ వస్తే సగం మీరు చెప్పండి. రాకపోతే మొత్తం నేనే చెప్తాను."

"లావణ్యా, ఆగు. ఈ మాట బయటికొస్తే ఒక్క రైతు కూడా మన మీటర్ ఉంచుకోడు. రేపట్నించి ఏరేటర్ ఎప్పుడు వెయ్యాలో తెలియక ఎన్ని చెరువులు పోతాయో ఆలోచించేవా?"

"ఆలోచించేను. అబద్ధం చెప్పే మీటర్ కన్నా మీటర్ లేకపోవడమే నయమండీ. కనీసం రాత్రిళ్ళు లేచి చూసుకుంటారు."

"నాగబాబుకేం కాదు. పెద్దమనుషులు నాలుగు తిట్టి వదిలేస్తారు. కుర్రాడు, మళ్ళీ గల్ఫ్ వెళ్ళిపోతాడు."

లావణ్య చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగిపోయింది. "మళ్ళీ గల్ఫ్ వెళ్ళిపోతాడని మీరెలా చెప్తున్నారు? వాడు వెళ్ళనని, ఇక్కడే చెరువు లీజుకి తీసుకుంటానని మొన్ననే కదా మనింట్లో అన్నాడు."

అతను ఏదో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడు ఆమె ఫోన్ మోగింది. తల్లి మంగాయమ్మ.

"అమ్మా, నేను వస్తున్నానే. ఏడవకు. తమ్ముడు ఏ తప్పూ చెయ్యలేదు, నా దగ్గర రుజువుంది. వాళ్ళని కాసేపు ఆగమను. నేనొచ్చేదాకా ఎవరినీ లేవొద్దను."

అవతల ఎక్కిళ్ళు వినబడ్డాయి. వెనక జనం అరుపులు, ఎవరో "కొట్టకండి, కొట్టకండి" అంటున్నారు.

"అమ్మా! ఏమైందే?"

"ఇంకేం రుజువే తల్లీ," అంది మంగాయమ్మ. "అయిపోయింది. వాడు ఒప్పేసుకున్నాడే. మందు నేనే కలిపేనండీ అని చెప్పేసేడే, నడిమధ్యన నిలబడి, అందరి ముందూను. నా కడుపున పుట్టినోడు అలాంటి పని చేస్తాడేటే? పెద్దిరాజుగారి కాళ్ళ మీద కూడా పడ్డాడు."

లావణ్యకి సంచి చేతిలోంచి జారిపోయింది. మీటర్ నేల మీద పడి దొర్లింది. "అబద్ధం," అంది. "అమ్మా, వాడు అబద్ధం చెప్తున్నాడు. ఎవరో కొట్టి చెప్పించేరు."

"ఎవరూ ముట్టుకోలేదే, వాడంతట వాడే లేచేడు. చెప్పాకే కొట్టడం మొదలెట్టేరు. ఒకటే అడిగేడు. ఇందులో మా అక్కా బావల కంపెనీకి ఏ సంబంధమూ లేదు, వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళకండని దణ్ణం పెట్టేడు. నీ మాటెవరెత్తేరే అక్కడ? ఎవరూ ఎత్తలేదు. వాడెందుకన్నాడే ఆ మాట? లావణ్యా! ఉన్నావా? పోలీసులకి ఫోన్ చేసేసేరే..."

లావణ్య ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. ఆమె చూపు మాత్రం భర్త మీద ఉంది. ఫోన్‌లో మంగాయమ్మ అరిచిన ప్రతి మాటా గదంతా వినబడింది. సూర్యప్రకాష్ ఉలిక్కిపడలేదు. అదేమిటని అడగలేదు. చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు, వినాల్సిన మాట విన్నవాడిలా.

"వాడితో ఏం చెప్పేరండీ?" అంది. "మా తమ్ముణ్ణి ఏమని బతిమాలేరు?"

అతను తల అడ్డంగా ఊపాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"నేను వాడికేమీ చెప్పలేదు లావణ్యా. మూడో మీటర్ సంగతి మొదట నాకు చెప్పిందే వాడు."